అడగకుండా చేసిన మేలు: మాస్ ఎఫెక్ట్ కథలో తప్పొప్పులు

హైదరాబాద్‌లో మాస్ ఎఫెక్ట్ అనే వీడియో గేమ్ సిరీస్ ఆడినవాళ్లు ఇద్దరు కలిస్తే, అది మాదాపూర్‌లో ఆఫీసు క్యాంటీన్ కావచ్చు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో గ్రాఫిక్స్ కార్డు రేటు అడుగుతూ నిలబడ్డ షాపు కావచ్చు, మొదట వచ్చే ప్రశ్న ఒకటే: నువ్వు పారగానా (దయగల దారి), రెనిగేడా (దురుసు దారి)? రెండో ప్రశ్న ఎండింగ్ గురించి, అక్కడ గొడవ మొదలవుతుంది. 2012లో మొదలైన ఆ గొడవ ఇంకా చల్లారలేదు. ఈ రెండు ప్రశ్నల హడావిడిలో అసలు విషయం పక్కకు పోతుంది. ఈ సిరీస్‌లో ఎన్ని గ్రహాలు, ఎన్ని జాతులు, ఎంతమంది విలన్లు వచ్చినా కథ తిరిగేది ఒకే పని చుట్టూ: బలమున్నవాడు లెక్కలు వేసుకుని, అవతలివాళ్లను ఒక్కమాట అడగకుండా, వాళ్ల బతుకు ఎలా ఉండాలో తేల్చేయడం. ఆ పని విలన్లే కాదు, మంచివాళ్లూ చేస్తారు, చివరికి మన చేతా గేమ్ అదే చేయిస్తుంది.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పుకుందాం. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉన్న బయోవేర్ స్టూడియో మొదటి భాగాన్ని 2007లో, రెండోదాన్ని 2010లో, మూడోదాన్ని 2012లో తెచ్చింది. ఈ మూడింటినీ కలిపి, మెరుగులు దిద్ది, 2021లో లెజెండరీ ఎడిషన్ పేరుతో మళ్లీ విడుదల చేశారు. హీరో కమాండర్ షెపర్డ్, ఆడా మగా అన్నది ఆడేవాళ్ల ఇష్టం. గెలాక్సీలోని జాతులన్నిటికీ సిటడెల్ అనే అంతరిక్ష కేంద్రంలో ఒక కౌన్సిల్ ఉంటుంది, ఆ కౌన్సిల్ షెపర్డ్‌ను స్పెక్టర్‌గా నియమిస్తుంది. స్పెక్టర్ అంటే చట్టం పట్టుకోలేని ఏజెంట్, పని జరిగితే చాలు, ఎలా జరిగిందని అడిగేవాళ్లు దాదాపు ఉండరు. మొదటి భాగంలో విలన్ సారెన్ కూడా స్పెక్టరే. హీరోకీ విలన్‌కీ ఒకే అధికారం ఇచ్చి కథ మొదలుపెట్టడం ఊరికే జరిగిన పని కాదు. ఇక నుంచి కథ మొత్తం బయటపడుతుంది కాబట్టి, ఆడే ఉద్దేశం ఉన్నవాళ్లు ఇక్కడ ఆగిపోవడం మంచిది.

ముందు మన ఎంపికలను లెక్కించే ఆ నీలం, ఎరుపు మీటర్ సంగతి తేల్చుకోవాలి. పారగాన్ నీలం, రెనిగేడ్ ఎరుపు. ఓపికగా, దయగా మాట్లాడితే నీలం పెరుగుతుంది, బెదిరించి, కొట్టి, అడ్డొచ్చినవాణ్ణి తోసేస్తే ఎరుపు పెరుగుతుంది. బయోవేర్‌లో ఒకప్పుడు పనిచేసిన డెవలపర్ ఒకరు 2020లో ట్విట్టర్‌లో చెప్పిన మాట ప్రకారం సుమారు 92 శాతం మంది పారగాన్ దారిలోనే వెళ్లారట. ఆశ్చర్యం ఏమీ లేదు, ఎందుకంటే గేమ్ తయారైన తీరే అలాంటిది. ముఖ్యంగా రెండో భాగంలో, కష్టమైన చోట్ల మాటతో ఒప్పించాలంటే ఏదో ఒక రంగు పాయింట్లు బాగా పోగవ్వాలి, సందర్భాన్ని బట్టి కాసేపు ఇలా, కాసేపు అలా ఆలోచించే ప్లేయర్‌కు ఆ ఆప్షన్లు బూడిద రంగులో కనబడి వెక్కిరిస్తాయి. అంటే ప్రతి సమస్యనూ విడిగా చూసి ఆలోచించేవాడికి నష్టం, కళ్లు మూసుకుని ఒకే రంగు నొక్కేవాడికి లాభం. ఈ సిరీస్‌లో నైతిక సందిగ్ధత ఉంది, కావలసినంత ఉంది, కానీ ఆ మీటర్‌లో మాత్రం లేదు. మీటర్ దాన్ని దాచిపెడుతుంది.

ఉదాహరణకు రాక్నీ రాణి. మొదటి భాగంలో నోవేరియా అనే మంచు గ్రహం మీద, ఎప్పుడో అంతరించిపోయిందనుకున్న పురుగుల్లాంటి జాతికి చెందిన ఒక్క రాణి గాజు ట్యాంకులో బందీగా దొరుకుతుంది. వదిలేస్తే జాతి మళ్లీ పుడుతుంది, ఒకప్పుడు ఈ జాతే గెలాక్సీని గడగడలాడించింది. చంపేస్తే ఒక జాతిని తుడిచిపెట్టిన పాపం మనది. వదిలితే నీలం పాయింట్లు, చంపితే ఎరుపు పాయింట్లు. మూడో భాగానికి వచ్చేసరికి తేలేది ఏమిటంటే, మనం చంపినా కూడా రీపర్లు, అంటే నాగరికతలను తుడిచిపెట్టే మహా యంత్రాలు, సొంతంగా ఒక నకిలీ రాణిని తయారుచేసి దానిచేత తమ సైన్యాన్ని పుట్టించుకుంటాయి. చాలామంది దీన్ని తిట్టారు, మా నిర్ణయానికి విలువ ఏముందని. ఆ కోపంలో న్యాయం ఉంది, రాసినవాళ్లు అక్కడ పని తేలిక చేసుకున్నారు. కానీ ఇంకోవైపు చూస్తే, ముందుజాగ్రత్త పేరుతో ఒక జాతిని చంపితే ప్రమాదం తప్పుతుందన్న నమ్మకాన్నే ఆ మలుపు దెబ్బకొడుతుంది.

ఇక్కడ మన ఊరి ఆటగాళ్లకు బాగా అర్థమయ్యే ఇంకో సంగతి ఉంది. గేమింగ్ కెఫేల్లో, ఫ్రెండు ఇంట్లో సిస్టం మీద ఆడినవాళ్లకు పాత సేవ్ ఫైల్ మిగలడం అదృష్టం, చాలామంది మొదటి భాగం ఆడకుండా నేరుగా రెండోదాంట్లో దిగినవాళ్లే. అలా సేవ్ లేకుండా మొదలుపెడితే గేమ్ తనంతట తాను కొన్ని నిర్ణయాలు తీసేసుకుంటుంది: రాక్నీ రాణి చచ్చిపోయింది, పాత కౌన్సిల్ చచ్చిపోయింది, షెపర్డ్ జట్టులోని క్రోగన్ యోధుడు రెక్స్ చచ్చిపోయాడు. అంటే వాళ్లు తీసుకోని నిర్ణయాల ఫలితాన్ని మోస్తూ వాళ్ల కథ మొదలవుతుంది. ఈ సిరీస్‌లో క్రోగన్లు, గెత్‌లు అనే జాతులు పడే బాధ సరిగ్గా అదే.

క్రోగన్ల కథ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ సిరీస్ మొత్తంలో ఇంతకన్నా గొప్ప రాత లేదు. టుచాంకా అనే గ్రహం మీద క్రోగన్లు తమలో తాము అణుయుద్ధం చేసుకుని శిథిలాల్లో బతుకుతుంటారు. అప్పుడు సలేరియన్లు, మేధావులు, లెక్కల్లో దిట్టలు, వచ్చి వాళ్లకు అంతరిక్ష నౌకలు ఇచ్చారు, కొత్త గ్రహం చూపించారు. దయతో కాదు, రాక్నీలతో యుద్ధానికి వాళ్లకు సైనికులు కావాలి. క్రోగన్లు గెలిపించారు. యుద్ధం అయ్యాక వాళ్ల జనాభా విపరీతంగా పెరిగింది, ఇతరుల గ్రహాలు ఆక్రమించారు, అది క్రోగన్ తిరుగుబాటుగా మారింది. అప్పుడు సలేరియన్లు జీనోఫేజ్ అనే జీవాయుధం తయారుచేశారు, చూపించి భయపెట్టడానికే అనుకున్నారు, కానీ వాళ్ల మిత్రులైన సైనిక జాతి ట్యూరియన్లు దాన్ని నిజంగానే వాడేశారు. ఫలితం, వెయ్యి గర్భాల్లో ఒక్కటి నిలుస్తుంది. చంపే ఆయుధం కాదు ఇది, పుట్టనివ్వని ఆయుధం. యుద్ధం ముగిశాక అశ్వత్థామ తన అస్త్రాన్ని పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లించిన ఘట్టం విన్నవాళ్లకు ఆ నేరం బరువు ఇంకొకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

సలేరియన్ల వాదన వినడానికి చాలా బాగుంటుంది. మేం ఎవరినీ చంపలేదు, జనాభాను పాత స్థాయికి తెచ్చామంతే, లేకపోతే ట్యూరియన్లకు క్రోగన్లను మొత్తంగా తుడిచేయడం తప్ప దారి ఉండేది కాదు, అంటారు. అంకెల్లో అది నిజమే కావచ్చు. కానీ గేమ్ ఆ అంకెలు జీవితంలో ఎలా కనబడతాయో చూపిస్తుంది: పిల్లలు లేని ఇళ్లు, భవిష్యత్తు మీద ఆశ లేక కిరాయి సైనికులుగా పోయే మగాళ్లు, మా వాళ్లకు బతకాలనే లేదని విసుగ్గా చెప్పే రెక్స్. జనాభాను అంకెగా చూసే పాలన ఎలా ఉంటుందో మన దేశానికీ తెలుసు, 1975-77 ఎమర్జెన్సీలో బలవంతంగా చేసిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్లను ఇళ్లలో పెద్దవాళ్లు ఇంకా మర్చిపోలేదు. అప్పుడు కూడా చెప్పింది దేశం బాగుకోసమనే.

మోర్డిన్ సోలస్ పాత్ర ఇక్కడే వస్తుంది. రెండో భాగంలో పరిచయమయ్యే ఈ సలేరియన్ శాస్త్రవేత్త గబగబా మాట్లాడతాడు, పాటలు పాడతాడు, ఒమెగా అనే దిక్కుమాలిన చోట పేదలకు క్లినిక్ నడుపుతాడు, ఎవరికైనా నచ్చేస్తాడు. అతను చేసిన పని తెలిశాక కాళ్లకింద నేల కదులుతుంది: క్రోగన్ల శరీరాలు జీనోఫేజ్‌ను మెల్లగా తట్టుకుంటున్నాయని గమనించి, దాన్ని మళ్లీ బలపరిచిన జట్టులో అతనొకడు. పశ్చాత్తాపం ఉందా అని గుచ్చిగుచ్చి అడిగితే అతను లెక్కలు చూపిస్తాడు, ఆ లెక్కల వెనక ఎంత నలుగుతున్నాడో మెల్లగా బయటపడుతుంది. అతని శిష్యుడు మేలన్ ఆ పాపం మోయలేక, విరుగుడు కనిపెడదామని టుచాంకా వెళ్లి, అక్కడ బతికున్నవాళ్ల మీద ఘోరమైన ప్రయోగాలు చేస్తాడు. ఒక తప్పు దిద్దడానికి ఇంకో తప్పు. ఆ ల్యాబ్‌లో ఒక క్రోగన్ స్త్రీ శవం ఉంటుంది, తన జాతికి పిల్లలు పుడతారన్న ఆశతో ఆమె తనంతట తానే ఆ ప్రయోగాలకు ఒప్పుకుంది. మోర్డిన్ ఆ శవం ముందు నిలబడ్డ సీను రెండో భాగం మొత్తానికి గుండెకాయ. తర్వాత మనముందు ప్రశ్న: క్రూరంగా సంపాదించిన ఆ డేటాను ఉంచాలా, చెరిపేయాలా?

చెరిపేస్తే చేతులు శుభ్రంగా ఉన్నట్టు అనిపిస్తుంది. మూడో భాగంలో ఆ డేటా లేకపోతే ఈవ్ అనే క్రోగన్ స్త్రీ బతకదు. జీనోఫేజ్‌ను తట్టుకున్న కొద్దిమందిలో ఆమె ఒకతి, విరుగుడు ఆమె ఒంట్లోంచే రావాలి. ఇక్కడ రాసినవాళ్ల మీద ఒక ఫిర్యాదు చెప్పుకోవాలి: గర్భాల మీద వేసిన ఆయుధం గురించి రెండు భాగాలపాటు మగాళ్లే వాదించుకుంటారు, నోరు విప్పి మాట్లాడే క్రోగన్ స్త్రీ మూడో భాగానికి గానీ కనబడదు. వచ్చాక మాత్రం ఆ గదిలో అందరికన్నా వివేకం ఆమె మాటల్లోనే ఉంటుంది.

చివరి నిర్ణయం వంచన గురించి. విరుగుడు చల్లుతున్నట్టు నటించి దాన్ని పనిచేయకుండా చేస్తే సలేరియన్ల సైన్యం కూడా రీపర్లతో యుద్ధానికి వస్తుందని వాళ్ల నాయకురాలు రహస్యంగా బేరం పెడుతుంది. ఇక్కడ చాలామంది ప్లేయర్లు ఒక తెలివైన దారి పడతారు: క్రోగన్లకు రెక్స్ నాయకుడైతే విరుగుడు ఇద్దాం, అతను మంచివాడు, చూసుకుంటాడు. రెక్స్ పోయి, పగతో రగిలే అతని సోదరుడు రీవ్ నాయకుడైతే ఇవ్వొద్దు, మళ్లీ యుద్ధం వస్తుంది. వినడానికి వివేకంగానే ఉంది. కానీ కాస్త ఆగి చూస్తే ఇది అచ్చంగా సలేరియన్ల ఆలోచనే. ఒక జాతి తల్లులకు పిల్లలు పుట్టాలా వద్దా అన్నది, ఆ జాతికి ఈ ఏడాది నాయకుడెవడు అన్నదాని మీద ఆధారపడుతుందా? అలా అనుకున్న క్షణం ప్లేయర్ ఆ పాత పాపంలో వాటాదారు అయిపోతాడు, గేమ్ దాని గురించి ఉపన్యాసం ఇవ్వదు, ఊరుకుంటుంది. పైగా మోర్డిన్‌ను బతికించుకోవాలంటే రీవ్ నాయకుడై ఉండాలి, ఈవ్ చనిపోయి ఉండాలి, విరుగుడు మోసం కావాలి. అందరూ ప్రేమించే మనిషి ప్రాణానికి అంత ధర పెట్టడం మామూలు ధైర్యం కాదు.

గెత్‌ల కథలోనూ ప్రశ్న ఇదే, కోణం వేరు. క్వేరియన్లు పనిమనుషుల్లా వాడుకోవడానికి గెత్ అనే యంత్రాలను చేసుకున్నారు. వాటికి ఆలోచన వచ్చింది, ఒకటి నాకు ఆత్మ ఉందా అని అడిగింది. భయపడ్డ క్వేరియన్లు వాటిని ఆపేయబోయారు, యుద్ధంలో ఓడి, సొంత గ్రహం రానోక్ వదిలి మూడు వందల ఏళ్లుగా నౌకల్లో బతుకుతున్నారు. మొదటి భాగంలో గెత్‌లు కాల్చిపారేయడానికి పెట్టిన శత్రువులు, అంతకు మించి వాటి గురించి ఆలోచించే పని లేదు. రెండో భాగంలో లీజియన్ అనే గెత్ వచ్చి మాట్లాడ్డం మొదలుపెట్టాక, ఇన్నాళ్లూ మనం ఎవరిని కాల్చామో తలచుకుంటే ఇబ్బందిగా ఉంటుంది. మూడో భాగంలో బయటపడే పాత రికార్డుల్లో, గెత్‌ల పక్షాన నిలబడ్డ క్వేరియన్లను సొంతవాళ్లే చంపిన సంగతి కూడా ఉంటుంది.

లీజియన్ మిషన్‌లో ఒక చిక్కు ఉంది. రీపర్లను దేవుళ్లుగా కొలిచే గెత్ వర్గం ఒకటి ఉంటుంది, వాళ్ల కేంద్రాన్ని పేల్చేయొచ్చు, లేదా వైరస్ పంపి వాళ్ల ఆలోచననే మార్చి మనవైపు తిప్పుకోవచ్చు. లీజియన్ లోపల ఉన్న వెయ్యికి పైగా ప్రోగ్రాంలు కూడా దాదాపు సగం సగంగా చీలిపోయి, నిర్ణయం షెపర్డ్‌కే వదిలేస్తాయి. మార్చేస్తే నీలం పాయింట్లు, పేల్చేస్తే ఎరుపు. అంటే చంపడం కన్నా బుర్ర మార్చేయడం మంచిదని మీటర్ తీర్పు. నిజంగానా? రీపర్లు మనుషులకు చేసేది కూడా అదే కదా, మనసు లోపలికి జొరబడి, తన ఆలోచన తనదే అనుకునేలా చేయడం. దానికి కథలో అందరూ భయపడతారు, అదే పని మనం గెత్‌లకు చేస్తే నీలం. ఇంకా విచిత్రం, మార్చేస్తే గెత్‌ల బలం పెరిగి, మూడో భాగంలో క్వేరియన్లకు, గెత్‌లకు రాజీ కుదర్చడం కొంచెం కష్టమవుతుంది. ఇక్కడ మాత్రం మీటర్‌ను కథే అబద్ధం చేసేసింది.

రానోక్ దగ్గర ఆ రాజీ కుదిరితే అంతకన్నా తృప్తినిచ్చే ఘట్టం సిరీస్‌లో లేదు. షెపర్డ్ జట్టులోని క్వేరియన్ టాలీ, గెత్ లీజియన్ ఇద్దరూ బతికుండాలి, రెండో భాగంలో వాళ్ల కోసం చేసిన పనులు సరిగ్గా ఉండాలి. మూడో భాగాన్ని సేవ్ లేకుండా మొదలుపెట్టినవాళ్లకు ఆ అవకాశమే లేదు, ఏదో ఒక జాతి కళ్లముందే అంతమైపోతుంది. శాంతి అనేది చివరి నిమిషంలో మంచి డైలాగు కొడితే రాదు, ఏళ్ల తరబడి కూడబెట్టాలి అన్న సంగతిని గేమ్ సిస్టమే చెబుతుంది, ఏ పాత్రా నోరు తెరిచి చెప్పదు.

2011లో వచ్చిన అరైవల్ అనే అదనపు మిషన్ గురించి తక్కువమంది మాట్లాడతారు. రీపర్ల రాకను కొన్ని నెలలు ఆపడానికి షెపర్డ్ ఒక మాస్ రిలేను, అంటే నక్షత్రాల మధ్య నౌకలను దూరాలకు విసిరే యంత్రాన్ని, పేల్చేస్తాడు, ఆ పేలుడులో బటేరియన్ అనే జాతివాళ్లు మూడు లక్షలకు పైగా చచ్చిపోతారు. ముందే హెచ్చరించే ప్రయత్నం ఉంటుంది, అది ఫలించదు. సిరీస్‌లో షెపర్డ్ చేతుల మీదుగా జరిగిన అతి పెద్ద హత్యాకాండ ఇది, ఇక్కడ మనకు ఆప్షనే లేదు. నీలం షెపర్డ్ అయినా ఎరుపు షెపర్డ్ అయినా పేల్చాల్సిందే. దయగల హీరో అన్న బొమ్మ మీద ఇంత పెద్ద మచ్చ పెట్టి, మూడో భాగంలో దాన్ని నాలుగు మాటల్లో దాటేయడం పెద్ద లోపం. బటేరియన్లను మొదటి నుంచీ బానిసల వ్యాపారులుగానే చూపించారు, అందుకే వాళ్ల చావు అంత తేలిగ్గా అరిగిపోయింది. ఇలాంటి చోటే రాసినవాళ్ల సొంత మీటర్ బయటపడుతుంది.

మనుషుల పైచేయి కోసం ఎంతకైనా తెగించే సెర్బెరస్ అనే సంస్థ విషయంలోనూ ఇంతే, రెండో భాగంలో ఆలోచింపజేసిన ఆ సంస్థను మూడో భాగం మామూలు విలన్ మూకగా మార్చేసింది. 2017లో వచ్చిన తర్వాతి గేమ్ ఆండ్రొమెడా ఆ నీలం, ఎరుపు మీటర్‌ను తీసేసింది, మంచి పనే, కానీ వేరే గెలాక్సీకి వలస వెళ్లి అక్కడివాళ్ల మధ్య ఊళ్లు కట్టుకోవడంలో ఉన్న ప్రశ్నను పట్టించుకోలేదు.

ఇక ఎండింగ్. ప్రతి యాభై వేల ఏళ్లకు రీపర్లు వచ్చి నాగరికతలను కోసుకుపోవడం వెనక ఉన్న తెలివి, ఆ క్యాటలిస్ట్, చిన్నపిల్లాడి రూపంలో వచ్చి తన లెక్క చెబుతుంది: ప్రాణులు యంత్రాలను చేస్తాయి, యంత్రాలు ప్రాణులను అంతం చేస్తాయి, అది జరగకుండా ముందే నేను కోత కోస్తాను. రానోక్‌లో రాజీ కుదిర్చిన షెపర్డ్ ఆ మాటకు బతికున్న జవాబు, అయినా ఆ జవాబు ఇచ్చే డైలాగు గేమ్ పెట్టలేదు. ఆ కోపం పూర్తిగా న్యాయం. 2012 జూన్‌లో ఉచితంగా ఇచ్చిన ఎక్స్‌టెండెడ్ కట్, ఎండింగ్‌ను పొడిగించిన అప్‌డేట్, చాలా దిద్దింది గానీ ఇది మాత్రం దిద్దలేదు.

అయితే చివర్లో గేమ్ మన ముందు పెట్టే మూడు దారులను కాస్త జాగ్రత్తగా చూస్తే, ఒక్కొక్కటీ ఎవరో ఒక ప్రత్యర్థి ఆలోచనే. కంట్రోల్, రీపర్లను మనమే నడిపించడం, సెర్బెరస్ అధినేత ఇల్యూసివ్ మ్యాన్ కల. సింథసిస్, మాంసం, యంత్రం కలిపేయడం, మొదటి భాగంలో సారెన్ వాదన. డిస్ట్రాయ్, రీపర్లతో పాటు గెత్‌లను, మన ఓడలోని కృత్రిమ మేధ ఈడీని, యంత్రాలన్నిటినీ ఒక్కసారిగా తుడిచేయడం, మూడు వందల ఏళ్ల కిందట క్వేరియన్లు చేయబోయిన పని. రంగులు కూడా తారుమారు: ఇల్యూసివ్ మ్యాన్ దారికి నీలం, షెపర్డ్ నమ్మిన పెద్దమనిషి ఆండర్సన్ దారికి ఎరుపు. మూడు భాగాలు వాళ్లను ఆపడానికి పోరాడి, చివర్లో వాళ్ల పనుల్లోంచే ఒకటి ఎంచుకోవాలి, అది కూడా గెలాక్సీలో ఎవరినీ అడగకుండా.

ముఖ్యంగా సింథసిస్‌ను చాలామంది అందరికీ మంచిది అని ఎంచుకుంటారు. గెలాక్సీలోని ప్రతి ప్రాణి ఒంటినీ, ఒక్కరి అనుమతీ లేకుండా, లోపలి నుంచి మార్చేయడం అది. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ కార్యక్రమం ఆపేశారు, 2013లో పార్లమెంటరీ సంఘం తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు, అక్కడ తప్పు టీకాది కాదు, అడగకపోవడం. జినోమ్ వ్యాలీ ఉన్న ఊళ్లో, ఫార్మా ఉద్యోగాల మీద బతికే ఇళ్లలో ఈ గేమ్ ఆడేవాళ్లకు ఈ తేడా కొత్తేమీ కాదు, కానీ స్క్రీన్ మీద సింథసిస్ ఆకుపచ్చ వెలుగు వచ్చేసరికి మర్చిపోతాం.

ఎక్స్‌టెండెడ్ కట్‌లో నాలుగో దారి కూడా చేర్చారు, ఏదీ ఎంచుకోనని నిరాకరించడం. అప్పుడు రీపర్లే గెలుస్తాయి, అందరూ చచ్చిపోతారు, తర్వాత ఎప్పుడో ఇంకో చక్రంలోని, అంటే రీపర్ల తర్వాతి కోత నాటి, జాతులు షెపర్డ్ జట్టులోని శాస్త్రవేత్త లియారా దాచిన సమాచారం దొరికి గెలుస్తాయి. దీన్ని ప్లేయర్లకు కోపంతో ఇచ్చిన జవాబుగా కొందరు తీసుకున్నారు. నిజానికి సిరీస్ మొత్తంలో ఇంత నిజాయితీ ఉన్న చోటు ఇంకోటి లేదు. సలేరియన్లు క్రోగన్లకు నౌకలిచ్చింది తమ యుద్ధం కోసం, పూజించదగ్గ పూర్వీకులనుకున్న ప్రోథియన్లు కూడా ఇతర జాతులను లోబరుచుకున్న సామ్రాజ్యమేనని మూడో భాగంలో తెలుస్తుంది. లియారా మాత్రం తనకు తెలిసింది రాసి వదిలేసింది, ఎవరు చదవాలో, చదివి ఏం చేయాలో చెప్పలేదు. దానికి అయిన ఖర్చు ఒక చక్రంలోని ప్రాణాలన్నీ, గేమ్ ఆ ఖర్చును తగ్గించి చూపించలేదు, కాకపోతే ఆ సంగతికి రెండు మూడు నిమిషాలకు మించి చోటివ్వలేదు.